పరుపుల కొట్టులో ప్రొఫెసరు గారు

బావగారికి నమస్కారాలు.

ఫోన్ చేస్తే మీరు స్పీకరు పెట్టి మాట్లాడతారు, కొట్టంతా వింటుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

మా బిజినెస్ స్కూల్లో గాలి మారింది. ఇన్నేళ్లుగా నేను చెప్పిన అమ్మకాల పాఠాలన్నీ ఇప్పుడు కంప్యూటర్ని అడిగితే నాకంటే ముద్దుగా చెబుతోందట. మొన్న క్లాసులో ఒకమ్మాయి లేచి, "సార్, మీరెప్పుడైనా ఏదైనా అమ్మారా?" అంది. బాగా ఆలోచించి, "పాత స్కూటరు" అన్నాను. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, అది కూడా మా ఆవిడే బేరమాడి అమ్మింది.

ఇప్పుడు స్కూల్లో కొత్త నియమం పెట్టారు. పాఠం చెప్పేవాళ్లంతా ఒక టర్ము ఎక్కడైనా కిందిస్థాయి ఉద్యోగం చెయ్యాలి. "పనికొస్తాడు" అని యజమాని రాసిస్తేనే మళ్లీ క్లాసు. నాకు తెలిసిన వ్యాపారి మీరొక్కరే. మీ పరుపుల కొట్టులో నాకు పని ఇప్పించగలరా?

మొహమాటపడుతూ,
మీ వియ్యంకుడు

తా.క. ఎవరికీ చెప్పకండి.

*

బావగారికి అనేక నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి కళ్లు చెమర్చాయి. ఉద్యోగం పోయిందని సూటిగా రాయలేక ఎంత కథ అల్లారండీ! నా దగ్గర దాపరికం దేనికి? మీరు మా అమ్మాయికి మామగారు. గల్లాపెట్టె పక్కన మీకోసం మెత్తటి కుర్చీ వేయించాను, ఫ్యాను అటు తిప్పించాను. మీరు ఊరికే కూర్చుంటే చాలు, కొట్టుకే కళ వస్తుంది.

ధైర్యంగా ఉండండి.
మీ వియ్యంకుడు

తా.క. ఎవరికీ చెప్పలేదు. మా అమ్మాయికీ, అల్లుడికీ, పక్క కొట్టు దర్జీకీ తప్ప.

*

బావగారూ,

నమస్కారాలు తర్వాత. నా ఉద్యోగం పోలేదు!

మావాడు ఆదివారం నాడు ఇంటికి సరుకుల బస్తా మోసుకొచ్చాడు. వెళుతూ వెళుతూ నా భుజం తట్టి, "కరెంటు బిల్లు నేను కట్టేస్తాలే నాన్నా" అన్నాడు. వాడి వెనకే మా ఆవిడ పేపరు మాన్పించేసింది. పొద్దున్నే కాఫీ పట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చుంటున్నాను.

దయచేసి ఆ కుర్చీ తీసేయండి. నేను ఊడవాలి, మొయ్యాలి, అమ్మాలి. అది శిక్షణ, బావగారూ, శిక్ష కాదు.

నిక్షేపంగా ఉద్యోగంలో ఉన్న
మీ వియ్యంకుడు

తా.క. మీ దర్జీ ఎవరో గానీ, నా పాత ప్యాంట్లు ఉచితంగా సరిచేస్తానని కబురు పెట్టాడు. పంపించాను. బాగా కుట్టాడు.

*

బావగారికి క్షమాపణలతో,

నా తొందర మీకు తెలిసిందే. అయినా మీరు పరుపు నెత్తిన పెట్టుకుని నడుస్తుంటే నేను కళ్లారా చూడలేను. అందుకని పక్క ఊళ్లో ఉన్న మా రెండో కొట్టుకు వెళ్లండి. మన బంధుత్వం అక్కడి మేనేజరమ్మకు చెప్పలేదు.

మీ మేలు కోరే
వియ్యంకుడు

తా.క. ఆవిడ కాస్త గట్టి మనిషి. నేనైనా ఫోన్ చేసి కనుక్కున్నాకే అటు వెళతాను.

*

బావగారికి మీ రెండో కొట్టు నుంచి నమస్కారాలు.

మొదటిరోజే ఒక జంట వచ్చారు. అవసరానికీ కోరికకీ ఉన్న తేడా వివరంగా చెప్పాను. భర్త మన పరుపు మీదే నిద్రపోయాడు. భార్య ఎదురు కొట్టుకు వెళ్లి పరుపు కొనుక్కొచ్చి, ఆయన్ని లేపి తీసుకుపోయింది. మేనేజరమ్మ నన్ను పక్కకు పిలిచి, "పెద్దాయనా, మీరు నోరు తెరవకండి. ఆ చివర పట్టుకోండి, చాలు" అంది. అప్పట్నుంచీ చివరలు పట్టుకుంటున్నాను. నడుం పట్టేసింది.

కానీ నిన్న ఒకాయన వచ్చాడు. భార్య పోయిందట. "అంత పెద్ద మంచం మీద ఒక్కణ్ణీ పడుకోలేకపోతున్నానండీ, చిన్నది చూపించండి" అన్నాడు. నాకు ఒక్క పాఠమూ గుర్తు రాలేదు. పక్కన కూర్చున్నాను. చాలాసేపు ఆవిడ గురించే చెప్పాడు, విన్నాను. ఆఖరికి తనే లేచి, "ఇది ఇచ్చెయ్యండి" అన్నాడు.

బావగారూ, అమ్మాను!

మీ ఉద్యోగి, వియ్యంకుడు

తా.క. మేనేజరమ్మ "ఫర్లేదు" అంది. మా ఆవిడకు వెంటనే ఫోన్ చేసి చెప్పాను.

*

బావగారికి శుభాకాంక్షలు!

మీ విజయం విని ఉండబట్టలేక మీ స్కూలుకు నేనే స్వయంగా ఉత్తరం రాసేశాను. "వారు మా వియ్యంకులు. ఇక్కడ పువ్వుల్లో పెట్టి చూసుకుంటున్నాం. చిన్న పని కూడా ముట్టుకోనివ్వడం లేదు. మధ్యాహ్నం పూట మా మేలురకం పరుపు మీదే కునుకు తీస్తారు" అని మీ పరువుకు తగ్గట్టుగా రాశాను. ఇక మీకు ఢోకా లేదు.

సంతోషంతో,
మీ వియ్యంకుడు

తా.క. తప్పుల్లేకుండా మా అమ్మాయి చేత టైపు కూడా చేయించాను.

*

బావగారూ, నా కొంప ముంచారు!

స్కూలు నుంచి జవాబొచ్చింది. బంధువుల దగ్గర విశ్రాంతి శిక్షణ కిందికి రాదట. వచ్చే టర్ము నా క్లాసు కంప్యూటర్‌కే అప్పగించే ఆలోచనలో ఉన్నారట. క్లాసులో లేచి అడిగిన ఆ అమ్మాయికి ఇప్పుడు చెప్పడానికి నా దగ్గర ఒక జవాబుంది, బావగారూ. చెప్పే అవకాశమే పోయేలా ఉంది. దయచేసి నిజం రాయండి. తప్పులతో సహా.

గాభరాగా,
మీ వియ్యంకుడు

తా.క. ఈసారి నా పరువు గురించి ఆలోచించకండి.

*

బావగారికి,

మేనేజరమ్మను కూర్చోబెట్టి అడిగాను. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసి పంపాను: "పెద్దాయన మంచి మనిషి. బిల్లు తప్పుగా రాస్తాడు. పరుపు ఎత్తమంటే ముందు దాని చరిత్ర చెబుతాడు. వచ్చిన కొత్తలో గిరాకీ చెడగొట్టాడు, ఇప్పుడు చెడగొట్టడం లేదు. మనసు బాగోలేని మనిషి కొట్టుకొస్తే మాత్రం మేమందరం ఈయన్నే పిలుస్తాం. పనికొస్తాడు." రాస్తూ రాస్తూ రెండుసార్లు కలం కింద పెట్టేశాను. ఆవిడ మాత్రం ఆపకుండా చెప్పుకుపోయింది.

మన్నించండి.
మీ వియ్యంకుడు

తా.క. మన బంధుత్వం ఆవిడకు తెలిసిపోయింది. "అయితే ఏంటట?" అంది.

*

బావగారికి శతకోటి నమస్కారాలు.

మీ ఉత్తరం అందగానే వచ్చే టర్ము క్లాసు మళ్లీ నాకే ఇచ్చేశారు. ఈ టర్ము అయ్యేదాకా కొట్టు పని తప్పదు. ఆ మర్నాడు పొద్దున్నే కొట్టు షట్టరు ఎత్తేసరికి ఎదురుగా సూటు వేసుకుని ఒకాయన నిలబడున్నాడు, చేతిలో సంచీ. ఎవరనుకున్నారు? మా ప్రిన్సిపాల్!

ఆ నియమం ఆయనకూ వర్తిస్తుందట. హోటలు వాళ్లు, బస్సుల వాళ్లు, ఎవరూ చేర్చుకోలేదట. "ఇంత నిజాయితీగా తిట్టే చోటు ఇంకెక్కడా దొరకలేదు" అన్నారు, నా మొహం చూడకుండా. మేనేజరమ్మ ఎగాదిగా చూసి, "ఈయన మీ కింద పనిచేస్తాడు" అని నాకు అప్పజెప్పింది.

మొదటి కస్టమరు రాగానే ఆయన గొంతు సవరించుకుని, "ఇప్పుడు ప్రపంచం మారిపోతోంది..." అని ఎత్తుకున్నారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఏనాడూ అనలేని మాట అనేశాను: "సార్, అటు చివర పట్టుకోండి."

పట్టుకున్నారు, బావగారూ!

మీ వియ్యంకుడు, సీనియరు

తా.క. ప్రిన్సిపాల్ గారు సాయంత్రానికల్లా ఒక పరుపు అమ్మారు. కొన్నది నేనే. పై అధికారి కదా, వద్దనలేకపోయాను.