ఎండ ఉండంగనే ఆగిపోయిన ఇన్వర్టర్

నేరేడుచర్ల,
శుక్రవారం.

నాయనకు,

ప్రభువు పేరిట వందనాలు. ఈడ అందరం క్షేమమని రాసే లైన్ ఇయ్యాల నా చేతికి వస్తలేదు నాయనా. ఎందుకో రాస్త, ఆఖరి దాకా చదువు.

శ్రీనన్న ఆటోల నువ్వు పంపిన చీటీ అందింది. దామరచర్ల ప్లాంటుల ఎండ కొడుతుందన్నవ్, మజ్జిగ తాగు. అమ్మ రెండు పూటలా తింటున్నది. ఆక్సిజన్ మిషన్ ఫిల్టర్ ప్రతి ఆదివారం కడుగుతున్న. మిద్దె మీది సోలార్ పలకలు తుడుస్తున్న, అద్దాల లెక్క మెరుస్తున్నయి. “ఇన్వర్టర్ మంచిగ పనిచేస్తున్నదా?” అని మళ్ళ అడిగినవ్. ఫోన్ల రెండుసార్లు అవునన్న. అబద్ధం.

ఇన్వర్టర్ కొన్న సూర్యాపేట షాపుల సతీష్ అనేటాయన ముందే అడిగిండు: “కరెంట్ పోయినప్పుడు కావాల్నా మేడం? అయితే బ్యాటరీది తీస్కోండి.”

నేను నవ్విన. “గింత ఎండ పెట్టుకొని బ్యాటరీ ఎందుకన్నా? నేను బీఎస్సీ ఫిజిక్స్.”

ఆయన ఇంకేదో చెప్పబోయిండు, విననేలేదు. నేను తెచ్చింది లైన్ల కరెంట్ ఉంటేనే నడుస్తది నాయనా. స్తంభమెక్కినోళ్లకు షాక్ కొట్టొద్దని, లైన్ పోంగనే తనంతట తనే ఆగిపోతది. మిద్దె మీద మండే ఎండ, గోడకు ఉత్త డబ్బా.

మొదటిసారి ఆగినప్పుడు అమ్మ పెదాలు నీలమైనయి. ఇంట్ల ఉన్న చిన్న ఆక్సిజన్ సిలిండర్ గంటన్నరే వస్తది. అప్పటిసంది కరెంట్ పోతే చాలు, అమ్మను, మిషన్ను ఆటోల ఎక్కించుకొని జనరేటరున్న రైస్ మిల్లుకు ఉరుకుతున్న. వాచ్‌మన్ వీరయ్య తాత “మిల్లుకు వడ్లు తెస్తరు గానీ అమ్మను తెచ్చెటోళ్లను నిన్నే సూసిన బిడ్డా” అనుకుంట ఆఫీసు గది తీస్తడు. ఊక దుమ్ముకు అమ్మ కొంగు అడ్డం పెట్టుకొని దగ్గుతది.

సోమవారం పొద్దున తొమ్మిది నుంచి రెండు దాకా లైన్ పనులట. మిల్లు గూడ ఆ దినమే బంద్. బ్యాటరీది మార్చనీకి షాపోళ్లు పది దినాలన్నరు. దవాఖానకు పోదామంటే అమ్మ గడప పట్టుకుంటది, కరోనాల గాడ నలభై దినాలున్నది గదా. మీ సైట్ల చిన్న జనరేటర్ ఉన్నదన్నవ్. మేస్త్రీని జర బతిమాలి, ఆదివారం సాయంత్రానికి తీస్కరా.

నిన్న మిల్లుల అమ్మ నా చెయ్యి పట్టుకొని, ఆగి ఆగి అన్నది: “మీ నాయనకు చెప్పకే. బిడ్డ సదువు ఇంటికి అక్కరకొచ్చిందని సైట్ల అందరికీ చెప్పుకున్నడట.”

ఆ మాట మొయ్యలేకనే రాస్తున్న, శ్రీనన్న ఆటోలనే పంపుతున్న. ఫోన్ల నీ గొంతు వింటే మళ్ళ అబద్ధమే వస్తది. తిట్లు తర్వాత తిట్టు, ముందుగాల రా. క్షేమమనే ఆ లైన్ సోమవారం రెండు దాటినంక నీ ముందట నిలబడి చెప్త.

ఇట్లు,
నీ తొవ్వ చూసుకుంట కూసున్న బిడ్డ,
కరుణ