బాపుకు రాని వాసన

ఫిబ్రవరి 11, మోర్తాడ్

పసుపు ఉడికిందో లేదో మా బాపు ఆవిరి వాసనను బట్టే చెబుతాడు. ఈరోజు కడాయిలో నీళ్లింకి కొమ్ములు మాడుతున్నా, పక్కనే నిలబడి "ఇంకా జర ఉడకనియ్" అన్నాడు. అమ్మ పరుగున వచ్చి కట్టెలు లాగేసింది. "మాడు వాసన గింత గొడుతుంటే నీకు తెల్వలేదా?"

పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బు బయటపడటానికి ఏళ్ల ముందే వాసన పోవచ్చని, అప్పటికే మెదడులో కణాలు చనిపోతుంటాయని మొన్న నర్సింగ్ క్లాసులో కొత్త పరిశోధనల గురించి చెబుతూ సార్ అన్న మాట గుర్తొచ్చింది. జలుబేమో అనుకుందామంటే బాపుకు జలుబు లేదు.

ఇందాక చిన్నప్పటి ఆటలాగా "కండ్లు మూసుకో బాపూ, చేతిల ఏముందో వాసన సూసి చెప్పు" అని అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టాను.

"కొత్తిమీర గదా బిడ్డా!" అని నవ్వాడు.

నా చేతిలో ఏమీ లేదు. ఎన్నాళ్ల నుంచి ఇలా దాస్తున్నాడో…