పొద్దున గోలి

బమ్రోలి, సూరత్
ఆదివారం

చెల్లె స్వరాజ్యానికి, ఇక్కడ నేనూ తమ్ముడూ బాగానే తిరుగుతున్నాం. ఫోన్‌లో చెబితే కంగారుపడి సగమే వింటావని కార్డు రాస్తున్నాను.

నువ్విచ్చిన కాలేయం ముక్క తమ్ముడు శ్యాంసుందర్‌కు ఎన్నేళ్లు నిలుస్తుందని అడిగావు. డాక్టరును అడిగాను. నూటికి ఎనభై అయిదుమంది మొదటి ఏడాది దాటుతారన్నాడు. అయితే మనవాడి నెత్తురులో మందు ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ ఉంటోందట. ఇలాగే సాగితే ఒళ్లు ఆ ముక్కను ఒప్పుకోదట. ఇంటికొచ్చి గోలీలు మరుస్తున్నావా అని వాణ్ణి అడిగాను.

"పొద్దున గోలి ఒక్కనాడు మరువలేదన్నా. లేవంగనే ఏసుకుంటున్న."

"ఎన్నింటికి లేస్తున్నవురా?"

"మూడింటికి."

"పగటీలి మూడింటికా?"

"రాత్‌పాళీ చేసెటోనికి గదే పొద్దుగాల గదన్నా."

మరమగ్గాల మీద పదహారేళ్లు రాత్రి షిఫ్టు చేశాడు. పని మానేసి అయిదు నెలలైనా ఆ నిద్ర మారలేదు. రాత్రి గోలి మాత్రం ఎనిమిదింటికే వేసుకుంటున్నాడు. రెండు గోలీల మధ్య పన్నెండేసి గంటలు ఉండాల్సిన ఎడం ఒకసారి అయిదు, ఒకసారి పందొమ్మిది అయింది. ఎప్పుడు, ఎన్నింటికి అని అడగడమే పత్రికలో ముప్పై ఏళ్లుగా నా పని. ఇంట్లో అడగలేదు.

నువ్వు రోజూ పొద్దున ఎనిమిదింటికి ఫోన్ చేసి వాణ్ణి లేపు. నా మాటకు లేవడు, నీ గొంతు వింటే సిగ్గుపడి లేస్తాడు. నీ కుట్ల నొప్పి తగ్గిందా? బిందెలెత్తకు. కామెర్ల పసరు పంపొద్దని అమ్మకు గట్టిగా చెప్పు.

ఎన్నేళ్లో రాయలేను. నిన్నా ఇవాళా నీళ్లు చల్లి లేపితే పొద్దున గోలి ఎనిమిదింటికి వేసుకున్నాడు. అది కళ్లతో చూసి రాస్తున్నాను. పిల్లలకు దీవెనలు.

అన్న శివకృష్ణ