పుట్టమన్ను పొట్లం

ఫీనిక్స్,
నవంబర్ 8, శనివారం.

శ్రీవారికి నమస్కారాలు.

ఇక్కడ విశాల్, కోడలు రచన, మనవరాలు ఆద్య, నేను అందరం క్షేమం అని మొదలుపెట్టాలి. ఈ పూట ఆ మాట పూర్తిగా నిజం కాదు. కంగారు పడకండి, ఒంట్లో అందరికీ బాగానే ఉంది. చెవికి ఆపరేషన్ చెయ్యాలన్న ఆ డాక్టర్ దగ్గరికి మళ్ళీ వెళ్ళారా, లేక అక్కడ ట్రాయ్‌లో చలి అని వంక పెట్టి ఇంట్లోనే కూర్చున్నారా? ఫోన్‌లో మీకు సగం వినపడదు, గట్టిగా చెప్తే ఇంటిల్లిపాదీ వింటారు. ఇది అందరూ వినే సంగతి కాదు. అందుకే కాగితం పట్టాను.

మోకాలు ఎలా ఉందని అడిగారు. మెట్లు ఎక్కగలుగుతున్నాను. నాగుల చవితికి పాలు పోయడానికి పుట్ట దొరికిందా అని కూడా అడిగారు. ఆగండి, అక్కడికే వస్తున్నాను.

ఇప్పుడు నేను ఎడారి జంతువుల పార్కులో ఉన్నాను. పిల్లలకు ప్రకృతి పాఠాలు చెప్పే సెంటర్ ఉంది ఇందులో, దాని వరండాలో బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. ఆద్య శనివారాలు వాలంటీర్‌గా వచ్చేది ఇక్కడికే. పదింటికి మేనేజరమ్మ దాన్ని లోపలికి పిలుస్తుంది. ఇంకా ఇరవై నిమిషాలుంది. పక్కనే కూర్చుని గోళ్ళు కొరుక్కుంటోంది. పదహారేళ్ళ పిల్ల, నిన్నటి నుంచి అన్నం ముట్టలేదు.

రెండు వారాల క్రితం ఇక్కడి ముసలి తాబేలు బొరియలో ఎవరో పాలు పోసి, తీపి ముద్ద పెట్టారట. ఎర్రచీమలు పట్టాయి. పాపం, తాబేలు కళ్ళ చుట్టూ కుట్టేశాయి. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. రోజూ మందు వేస్తున్నారు కానీ, చూపు ఉంటుందో లేదో ఇంకా చెప్పలేమంటున్నారు. ఆ పూట అక్కడ డ్యూటీ ఆద్యది. తిండి పెట్టింది ఇదేనని వాళ్ళ అనుమానం. తేలేదాకా డ్యూటీకి రావద్దన్నారు. వేసవికి ఇంటర్న్‌గా తీసుకుంటామన్న మాట ఇప్పుడు ఎవరూ ఎత్తడం లేదు. జంతువుల డాక్టర్ అవుతానని ఎనిమిదో ఏట నుంచీ కలవరిస్తున్న పిల్లండీ!

నిన్న విశాల్ దాన్ని నిలదీశాడు.

"నువ్వు చెయ్యకపోతే ఎవరు చేశారో చూసుంటావు కదా? టెల్ దెమ్ సమ్‌థింగ్!"

"ఐ డోంట్ నో, డాడీ" అంది నేల చూపులు చూస్తూ.

నేను వంటింట్లో పోపు పెడుతూ అంతా విన్నాను. ఆవాలు మాడిపోయాయి. నోరు పెగల్లేదు. నలభై ఐదేళ్ళు మీ చెవులు హోరెత్తించిన నోరు, మీరు నమ్మరు.

ఇక దాచను. ఆ పాలు పోసింది నేనేనండీ.

ఆ రోజు చవితి. సాయంత్రం గుడికి తీసుకెళ్తానన్నాడు విశాల్. గుళ్ళో రాతి నాగేంద్రుడికి పోద్దామని ఫ్లాస్క్‌లో పాలు, నువ్వులూ బెల్లమూ దంచిన చిమ్మిలి సంచిలో పెట్టుకుని, ఈలోగా ఆద్య డ్యూటీ చూద్దామని వచ్చాను. ఆ బొరియలో తాబేలుతో పాటు ఒక్కోసారి పాములు కూడా తలదాచుకుంటాయని ఆద్యే జనానికి చెప్తోంది. పాము ఉండే చోటు పుట్ట కాక మరేమిటి అనుకున్నాను. నా బుద్ధి గడ్డి తింది. పిల్ల అటు తిరగ్గానే అడ్డంగా కట్టిన తాడు దాటి వంగి, పాలు పోసి చిమ్మిలి పెట్టేశాను. మీ చెవి బాగవ్వాలని దండం పెట్టుకుని చిటికెడు మన్ను పొట్లం కట్టాను. పుట్టమన్ను చెవికి పెడితే మంచిదని మీ అమ్మగారు చెప్పేవారు కదా. ఈ ఉత్తరంలోనే పెట్టి పంపుదామనుకున్నాను.

సంగతి తెలిశాక కూడా నోరు విప్పలేదు. సిగ్గేసింది. ముప్పై ఏళ్ళు ఫార్మసీలో ఏ మందు ఎవరికి పడదో చెప్పినదాన్ని, తాబేలుకి చిమ్మిలి పెట్టానని ఏ మొహంతో చెప్పను?

ఇందాక విశాల్ మమ్మల్ని దింపి వెళ్ళాక ఆద్యతో అన్నాను, "నేనూ లోపలికి వస్తానమ్మా. వాళ్ళకి చెప్పాల్సింది ఒకటుంది."

అది నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "వద్దు నానమ్మా. ఐ నో. ఆ రోజు నేను చూశాను."

"చూసి ఎందుకు ఆపలేదే?"

"నువ్వు కళ్ళు మూసుకుని తాతయ్య కోసం ప్రే చేస్తున్నావ్. హౌ కుడ్ ఐ? తర్వాత క్లీన్ చేద్దాం అనుకున్నా. ఒక స్కూల్ గ్రూప్ వచ్చింది, మర్చిపోయా. సో, నాది కూడా తప్పే."

నాకు ఏడుపు ఆగలేదు. రెండు వారాలూ ఆ పిల్ల నా కోసం నోరు మూసుకుంది. నేనూ నా కోసమే మూసుకున్నాను.

"అడిగితే ఏం చెప్పను?" అంది.

"నిజం చెప్పు. నేను ముందు చెప్తాను" అన్నాను.

ఏం చేస్తారో తెలియదు. నన్ను ఇంకెప్పుడూ గేటు లోపలికి రానివ్వకపోయినా సరే, దాన్ని రానిస్తే చాలు. మన్ను పొట్లం నా గుప్పిట్లోనే ఉంది. వాళ్ళ బల్ల మీద పెట్టేస్తాను. మీకు పంపలేను, ఏమీ అనుకోకండి. డాక్టర్ చెప్పిన ఆపరేషన్ చేయించుకోండి.

తలుపు తీస్తున్న చప్పుడు వినిపిస్తోంది. పిలిచేది దాని పేరే. లేచేది నేను.

ఇట్లు,
మీ ఇల్లాలు, ఆద్యకు నానమ్మ,
కామేశ్వరి