జాబితాలో పదకొండో చెరువు

మార్చి 3, సోమవారం

సూర్యనారాయణ నాకు మాటిచ్చి ముప్పై ఎనిమిదేళ్లయింది. అప్పుడిద్దరం సర్వేయర్లం. కొల్లేరులో ఒక పెద్దమనిషి వేసిన గట్టు సరస్సు హద్దు లోపలే ఉందని రిపోర్టు రాశాం. పొద్దున్నే వచ్చి నీ సంతకం పక్కన నాదీ పెడతానన్నాడు. రాలేదు. గట్టు హద్దు బయటే ఉందన్న ఇంకో రిపోర్టు మీద పెట్టాడు. నన్ను ఏజెన్సీకి తోశారు. తొమ్మిదేళ్లు. మలేరియా రెండుసార్లు. అతను రిటైరై తాడేపల్లిగూడెంలో మేడ కట్టుకున్నాడు. అల్లుడి పేరున అదే గట్టు లోపల చేపల చెరువు తవ్వించాడు.

ఇవాళ ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఒక జాబితా వచ్చింది. నేను రిటైరై పదహారేళ్లు. అయినా ఆ గ్రూపులో ఉన్నాను. కొల్లేరు పాత మ్యాపులు చదవగలిగినవాణ్ణి ఏలూరులో నేనొక్కణ్ణే మిగిలాను మరి. అవసరం పడితే సార్, కాస్త చూసి పెట్టండి అంటారు. మిగతా రోజులు గుడ్ మార్నింగ్ గులాబీలు.

గురువారం గండి కొట్టబోయే పద్నాలుగు అక్రమ చెరువులు. పైన కాన్ఫిడెన్షియల్ ముద్ర. నంబర్లు సరిచూడమని సర్వేయరు రమ్య ఫోటో తీసి పెట్టింది. ఫైలు నడిస్తే వారం పడుతుంది, గ్రూపులో పడెయ్యమ్మా అని డిప్యూటీ తహసీల్దారు వీరేంద్ర చెప్పాడట. ఆ ఆఫీసులో అన్నీ అంతే.

పదకొండోది సూర్యనారాయణ చెరువు.

అదే రోజు, సాయంత్రం 4

జాబితా సూర్యనారాయణకు పంపాను. కింద ఒక్క ముక్క రాశాను. ఇప్పుడు ఎక్కడ సంతకం పెడతావు?

నీలి టిక్కులు పడ్డాయి. చాలా ఏళ్లకు కాఫీ రుచిగా ఉంది.

మార్చి 6

పొక్లెయిన్లు దెందులూరు దాటకముందే గట్టు మీద ఐదొందల మంది. ఆడవాళ్లు పొయ్యిలు పెట్టి ఉప్మా వండుతున్నారట. మిషన్లు వెనక్కి.

మార్చి 8

రమ్యను అరెస్టు చేశారు. రహస్య కాగితం మెసేజింగ్ యాప్‌లో పంపితే క్రిమినల్ కేసట. అందినదాన్ని ముందుకు పంపినా అంతేనట. పోయిన నెలలో ఉత్తర్వు వచ్చింది. ఆ ఉత్తర్వును కూడా అదే గ్రూపులో పెట్టారు. అందరం చేతులు జోడించిన బొమ్మ పెట్టాం.

ఫోటో మూలన రమ్య బొటనవేలు పడింది. అదే సాక్ష్యం. వీరేంద్ర తానేమీ చెప్పలేదన్నాడు. నోటితో చెప్పాడు కాబట్టి చెప్పనట్టే. నేను చదివిన చరిత్రలన్నిటిలోనూ ఇంతే. ఆజ్ఞ ఇచ్చినవాడికి చేతులుండవు.

మార్చి 9

ఎలీయాజరు వచ్చాడు. రమ్య తండ్రి. ఇరవై ఏళ్లు నా వెనక సర్వే చైను మోసినవాడు. నా మెడ మీద జలగలుంటే నాకంటే ముందు చూసి తీసేవాడు. ఎఫ్ఐఆర్ కాగితం నా చేతిలో పెట్టి, చదివి చెప్పండి రాజుగారూ, నాకు అక్షరాలు కనపడ్డం లేదండీ అన్నాడు. చదివాను. మూడేళ్ల దాకా పడొచ్చు. ఉద్యోగం ఎలాగూ పోతుంది.

ఆ కాగితం మీకూ వచ్చింది కదండీ, బయటికి ఎవరు పంపుంటారో మీకేవైనా తోస్తుందాండీ అని అడిగాడు.

తోచడం లేదన్నాను. టీ ఇచ్చాను. తాగలేదు. ఉపవాసమట.

మార్చి 10

సూర్యనారాయణకు పంపిన మెసేజ్ అందరికీ కనపడకుండా తుడిచేద్దామని చూశాను. గడువు దాటిపోయిందట. ఇక నా ఫోన్లో మాత్రమే తుడుచుకోవచ్చట.

తుడవలేదు.

మార్చి 11, మధ్యాహ్నం

సూర్యనారాయణ ఫోన్. ఇన్నేళ్లకు గొంతు విన్నాను. ఏరా వెంకట్రాజూ, నీ పుణ్యమా అని చెరువు నిలబడిందిరా అన్నాడు. నా మెసేజ్ చూడగానే చెరువుల వాళ్ల గ్రూపులో పెట్టేశాడట. నేను ఏడిపించడానికి పంపిందాన్ని సాయం అనుకున్నాడు. కాదు, అర్థమయ్యే అలా అన్నాడు. రొయ్యలు పంపిస్తాను, ఇంట్లో వండేవాళ్లున్నారా లేరా అని కూడా అడిగాడు.

ఆ పిల్ల సంగతేమిటన్నాను. ఉద్యోగమన్నాక ఉంటాయిలే అన్నాడు. నీ పేరు మాత్రం ఎక్కడా చెప్పను, నా మాట నమ్ము అన్నాడు.

నా మాట నమ్ము.

ఈ వయసులో జైలు కూడు తినగలనేమో గాని, అతని మాట నమ్ముకుని బతకలేను. రమ్య కోసం వెళుతున్నానని రాసుకుంటే బావుంటుంది. సగమే నిజం.

మార్చి 12

స్టేషన్‌లో ఫోన్ ఇచ్చేశాను. రమ్యకు బెయిలు వస్తుందట. ఉద్యోగం సంగతి తరవాతట. బయట బెంచీ మీద ఎలీయాజరు లేచి నిలబడ్డాడు, అలవాటు కొద్దీ. నా వైపు చూడలేదు.

వాంగ్మూలం చివర, దీనికంతటికీ కారకుడెవరో మీ చేత్తో రాయండి అన్నాడు సీఐ. రాశాను. చదివి, ఇక్కడ మీ పేరు రావాలండీ పెద్దాయనా అని మెల్లిగా చెప్పి, ఇంకో కాగితం ఇచ్చాడు.

మళ్లీ రాశాను. సూర్యనారాయణ.