సగం అమ్మది, సగం నాన్నది

ఫిబ్రవరి 11, 2025. మంగళవారం

బెంగళూరు పీణ్య నుంచి మా డీఎన్ఏ ల్యాబ్‌కి కేసు వచ్చింది. ఇనుప సామాన్లకి రంగు పట్టించే పౌడర్ కోటింగ్ షెడ్డులో శనివారం మంటలు. ఇద్దరు చనిపోయారు. చూసి గుర్తుపట్టే పరిస్థితి లేదు. మార్చురీ నుంచి ఒక్కొక్కరిదీ ఒక పన్ను, ఒక తొడ ఎముక ముక్క పంపారు. సీళ్లు సరిగ్గా ఉన్నాయి. సంతకం పెట్టి తీసుకున్నాను. నంబర్ 1, నంబర్ 2.

ఎస్సై అశ్వత్థప్ప చెప్పిన ప్రకారం ఇద్దరు ఇంటికి రాలేదు. మాలూరు నుంచి వచ్చిన యశ్వంత్. కబ్బన్‌పేట గిరీష్. కాంట్రాక్టర్ హాజరు పుస్తకమే పెట్టలేదట. ఆ రోజు లోపల ఎంతమంది ఉన్నారో గట్టిగా చెప్పేవాళ్లు లేరు.

ఫిబ్రవరి 13. గురువారం

ఫ్యామిలీలు వచ్చాయి. యశ్వంత్ తల్లిది కన్నడ, ఆమెను వేరేవాళ్లు చూసుకున్నారు. తెలుగువాళ్లు వస్తే మా హెడ్ రాజగోపాల్ సార్ నన్ను పిలుస్తారు. ల్యాబ్‌లో చేరిన నాలుగేళ్ల నుంచీ ఇది నా ఎక్స్‌ట్రా డ్యూటీ.

గిరీష్ వాళ్లది పాత బెంగళూరు తెలుగు. తండ్రి రామయ్య, అరవై దాటాయి, నలభై ఏళ్లు మగ్గం మీద పట్టు చీరలు నేశాడట. తల్లి సుశీల. భార్య రమ్య. నాలుగేళ్ల కూతురు హరిణి. నాది ఒంగోలు తెలుగు. మొదటి ఐదు నిమిషాలు ఒకరి మాట ఒకరం తప్పుగా విన్నాం.

అందరూ అడిగేవే అడిగారు. ఎంత రక్తం తీస్తారు? రెండు ఎంఎల్, అర చెంచా కూడా ఉండదు. అంత కాలిపోయినాక ఏం మిగులుతుంది? పంటి లోపల, ఎముక లోపల చాలాసార్లు మిగులుతుంది. ఎన్ని రోజులు? పది పన్నెండు. తప్పు వస్తుందా? రెండుసార్లు చేస్తాం.

రమ్య అసలు ఎలా తెలుస్తుందని అడిగింది. ఇరవై చోట్ల చూస్తామని చెప్పాను. ప్రతి చోటా బిడ్డకి రెండు అంకెలుంటాయి. ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. సగం అమ్మది, సగం నాన్నది. రోజూ చెప్పేదే.

అప్పటిదాకా మాట్లాడని రామయ్య అప్పుడు అడిగాడు. "ఒగవేళ కలవకపోతే ఏమని రాస్తారమ్మా?"

ఆ చనిపోయిన మనిషి మీకు పుట్టిన బిడ్డ కాదని రాస్తాం అన్నాను. ఆయన కొంచెంసేపు కింద చూశాడు. తరువాత నేను అడక్కముందే చొక్కా చెయ్యి మడిచాడు.

ఫిబ్రవరి 14

ఫ్యామిలీలకి ఇవ్వడానికి తెలుగులో ఒక పేజీ రాయమన్నారు రాజగోపాల్ సార్. ప్రశ్నలు, జవాబులు. ఆరు రాశాను. డీఎన్ఏ అని ఎన్నిసార్లు రాసినా జనం దాన్ని రక్తం అనే చదువుతారు. "మా రక్తమే" అంటారు. నిజానికి ఎర్ర కణాల్లో డీఎన్ఏ ఉండనే ఉండదు. అది రాయలేదు.

ఫిబ్రవరి 19

డీఎన్ఏ తీయడానికి ఎముక ఇంకా మందు నీళ్లలో నానుతోంది. రాయడానికేం లేదు.

ఫిబ్రవరి 24. సోమవారం

నంబర్ 1 యశ్వంత్. తల్లితో ప్రతి చోటా కలిసింది.

నంబర్ 2 కలవలేదు. రామయ్యతో పదకొండు చోట్ల తేడా. సుశీలతో తొమ్మిది చోట్ల తేడా. మళ్లీ చేశాను. అవే అంకెలు. ఆ మనిషి వాళ్ల బిడ్డ కాదు. సార్ సంతకం, నా సంతకం.

ఫిబ్రవరి 25

రిపోర్ట్ పోలీసులు ఇస్తారు. అయినా నా నోటితో వినాలని వచ్చారు. చెప్పాను.

రమ్య నేల మీద కూర్చుండిపోయింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. ఎక్కడో భయపడి దాక్కున్నాడంది, మంటలు చూస్తే చిన్నప్పటి నుంచీ భయమంది. రామయ్య గోడకి ఆనుకుని "ఉండాడు, వాడు ఉండాడు" అని రెండుసార్లు అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. నేను కూడా నవ్వాను. "చాలా సంతోషం" అన్నాను. మా ఉద్యోగంలో ఆ మాట అనే అవకాశం ఏడాదికి ఒకసారి కూడా రాదు.

సుశీలమ్మ మాత్రం నవ్వలేదు. అందరూ బయటికి నడిచాక వెనక్కి వచ్చి అడిగింది.

"అయితే ఆడుండే అబ్బయ్య ఎవరి బిడ్డమ్మా? వానికోసరం ఎవరూ రారా?"

పోలీసులు వెతుకుతారు అన్నాను.

మార్చి 3. సోమవారం

రామయ్య పోస్టర్ తెచ్చాడు. మెజెస్టిక్‌లో, యశ్వంతపుర స్టేషన్‌లో, హోసూరు దాకా అంటించాడట. ల్యాబ్ గేటు దగ్గర ఒకటి పెట్టమన్నాడు. వారంలో మనిషి సగమయ్యాడు, కానీ చకచకా నడుస్తున్నాడు. పనున్న మనిషి నడక.

పోస్టర్‌లో గిరీష్ ఫోటో, ఎత్తు, వయసు ఇరవై తొమ్మిది. కంపెనీ ఐడీ కార్డు నుంచి దించినట్టున్నారు. కింద బ్లడ్ గ్రూప్ కూడా వేశారు. బీ పాజిటివ్.

రాత్రి 9.30

బయల్దేరేముందు ఫైల్ తీశాను. శాంపిల్ ఇచ్చిన రోజు నేనే నింపిన ఫారం. రామయ్య, ఓ పాజిటివ్. సుశీల, ఓ పాజిటివ్.

ఇద్దరు ఓ వాళ్లకి బీ పుట్టడం దాదాపు జరగదు. కార్డు నిజమైతే గిరీష్ వాళ్లకి పుట్టినవాడు కాదు, నంబర్ 2 అతనే కావచ్చు. కార్డుల మీద గ్రూప్ తప్పుగా ఉండటం రోజూ చూస్తాను. తప్పే అయ్యుంటుంది అనుకుంటే సరిపోతుంది. క్యాబ్‌లో వైట్‌ఫీల్డ్ ఇంటికి చేరేదాకా అదే అనుకున్నాను. కుదరలేదు.

మార్చి 4

సార్‌కి చెప్పాను. ఆయన పోస్టర్, ఫారం రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశారు. మన రిపోర్ట్ కరెక్ట్ అన్నారు. వీళ్లకి పుట్టినవాడా అని అడిగారు, కాదని చెప్పాం. గిరీష్ అవునా కాదా అని మనల్ని ఎవరూ అడగలేదు అన్నారు.

రెండూ ఒకటే ప్రశ్న అనుకునే కదా సార్ వాళ్లు రక్తం ఇచ్చింది అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పోలీసుల నుంచి లెటర్ వస్తే కొత్త శాంపిల్ తీసుకుంటాను అన్నారు.

మార్చి 6

అశ్వత్థప్పకి ఫోన్ చేశాను, నంబర్ 2 సంగతి ఏమైందని. ఎవరూ రాలేదు, ఇంకెవరూ మిస్సింగ్ కంప్లయింట్ ఇవ్వలేదు అన్నాడు. నెలాఖరుకి అనాథ శవం కింద పూడ్చేస్తారట.

స్టాన్లీకి చెప్పాను, పేర్లు లేకుండా. వాళ్ల ఆశ వాళ్లకి ఉండనీ, నీకేంటి అన్నాడు నా మొగుడు. తరువాత పాత్రలు కడుగుతూ, అతన్ని పూడ్చాక చెప్తే మాత్రం దారుణం అన్నాడు.

మార్చి 8

ఏమీ చేయలేదు.

మార్చి 10. సోమవారం

నేను పిలవలేదు. సుశీలమ్మ తనే వచ్చింది, ఒక్కతే, రెండు బస్సులు మారి. ఆ అబ్బయ్య కోసం ఎవరైనా వచ్చినారా అని అడగడానికి వచ్చింది.

ఖాళీ గదిలో కూర్చోబెట్టాను. టీ ఇచ్చాను. ఎలా మొదలుపెట్టాలో నాలుగు రకాలుగా అనుకున్నాను. చివరికి ఇలా వచ్చింది.

"అమ్మా, గిరీష్‌ని మీరే కన్నారా?"

ఆమె గ్లాసు కింద పెట్టింది. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. చాలా రోజుల నుంచి ఎవరో ఒకరు అడుగుతారని ఎదురుచూస్తున్నట్టు చెప్పుకుపోయింది.

ఆస్పత్రిలో ఆమె బిడ్డ మూడో రోజుకి పోయాడు. పక్క మంచం ఆమె కాన్పులోనే పోయింది. ఆ పక్కమంచం ఆమె తరఫున ఎవరూ రాలేదు. ఈమెకి పాలు గడ్డకట్టి జ్వరం. ఆయా ఆ తల్లిలేని బిడ్డని తెచ్చి ఈమె రొమ్ముకి పెట్టింది.

"తాగినాడు. అంతేనమ్మా. ఇంగ వాడు నా బిడ్డ."

కాగితాలు ఎవరూ అడగలేదట. గిరీష్‌కి చెప్పలేదు. రమ్యకి తెలియదు. ఇల్లు మారి కబ్బన్‌పేటకి వచ్చేశారు.

తరువాత నన్ను అడిగింది. "సంవత్సరంన్నర నా పాలు తాగినాడు. అదేమీ కనబడదా మీ మిషన్లో?"

కనబడదమ్మా అన్నాను. పాలతో ఒళ్లు పెరుగుతుంది, ఎముక గట్టిపడుతుంది. లోపలి రాత మారదు.

"ఎముక నా పాలతో అయిందే కదా మరి?"

"అవును."

"మీరు చూసింది ఎముకనే కదా?"

ఈ ప్రశ్న నా పేజీలో లేదు.

కలవదని మీకు ముందే తెలుసా అని అడిగాను. రక్తం ఇచ్చేటప్పుడు తనకి తెలియదట. ఇరవై ఏళ్లకి పైగా ఆ సంగతి తలపుకే రాలేదట. రామయ్యకి తెలుసు. ఆ రోజు నేను సగం సగం అని చెప్పినప్పుడే అర్థమైందట. ఇంటికి పోయేటప్పుడు బస్సులో ఆమెకి చెప్పాడట, ఎట్లా చేసినా కలవదు, కలవకపోతే వాడు చచ్చినట్టు రాయరు, నోరు మూసుకో అని.

"ఇప్పుడు ఆయన అది మర్సిపొయినాడమ్మా. నిజంగానే వెతుకుతా ఉండాడు. పొద్దున్నే పొయ్యేది, సందేళ వచ్చేది. నాకు భయమైతా ఉండాది."

ఏం చేద్దామమ్మా అని నేనే అడిగాను. ఆమె చాలాసేపు చెంగుతో గ్లాసు అంచు తుడిచింది.

"నా బిడ్డ ఆడ ఐసులో ఉండాడు. ఇంటికి తెచ్చుకోవాల."

మార్చి 11

దారి ఉంది. పైనుంచి కలవకపోతే కిందనుంచి చూడొచ్చు. హరిణికి సగం రమ్య నుంచి వచ్చింది. మిగతా సగం నంబర్ 2 దగ్గర ఉంటే, అతను హరిణి తండ్రి. మొదటే ఇది చేసుండాల్సింది. తల్లిదండ్రులు ఉన్నారు కదా అని చిన్నపిల్ల జోలికి పోలేదు.

అశ్వత్థప్ప లెటర్ పంపాడు. ఎందుకని అడిగాడు. కన్ఫర్మేషన్ అన్నాను.

మార్చి 12. బుధవారం

రమ్యకీ అదే చెప్పాను. అబద్ధం కాదు. నిజమూ కాదు. కన్ఫర్మ్ అయితే ఇంక ఆ శవం గోల మాకుండదు కదా అంది, దూదిపుల్లకి సంతోషంగానే నోరు తెరిచింది.

హరిణికీ సూది అక్కర్లేదు, బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిస్తే చాలు. ఎందుకని అడిగింది. మీ నాన్న గురించి తెలుసుకోవడానికి అన్నాను.

"మా నాయన నా నోట్లో ఉండాడా?"

ఉన్నాడు అన్నాను. నవ్వి, నోరు ఇంకా పెద్దగా తెరిచింది.

రామయ్య రాలేదు. తుమకూరు వైపు ఎవరో చూశామంటే పోయాడట.

మార్చి 19

ఇరవై చోట్లా కలిసింది.

మార్చి 21. శుక్రవారం

అందరినీ పిలిపించారు. రామయ్య కూడా వచ్చాడు. కిటికీ దగ్గర నిలబడ్డాడు, కూర్చోలేదు. హరిణి పక్కింట్లో ఉందట. అశ్వత్థప్ప కాగితాలు తెచ్చాడు. నేను చదివాను. నంబర్ 2 హరిణికి తండ్రి.

రమ్య అరవలేదు. లేచి నా దగ్గరికి వచ్చింది. "పోయిన నెల కాదంటిరి. ఇప్పుడు అవునంటారు. ఏది అబద్ధం మేడమ్?"

రెండూ కరెక్టే అన్నాను. అదెట్లా అంది. మా అత్తామామల బిడ్డ కాదు, నా బిడ్డకి తండ్రి, అట్లాంటోడు ఎవడు? మీ మిషన్ చెడిపోయింది అంది. శవం తీసుకోను, సంతకం పెట్టను, మళ్లీ చేయండి అంది. నా మణికట్టు పట్టుకుంది. వేళ్లు చల్లగా ఉన్నాయి. నా దగ్గర జవాబుంది. అది నాది కాదు, చెప్పడానికి.

"రెండూ నిజమేమ్మా" అన్నాడు రామయ్య, కిటికీ వైపు నుంచి తిరక్కుండానే. "వాన్ని మేము కనలేదు."

అప్పుడు రమ్య వైపు తిరిగాడు.

"నాకు ముందే తెలుసు, కలవదని. తెలిసే చెయ్యి ఇచ్చినా. నువ్వు బొట్టుతో ఉండాలని ఒగటి. నాకు ధైర్యం లేక ఒగటి. ఆ పొద్దే చెప్పింటే వాడు ఇన్ని దినాలు ఆడ పడుండే పని లేదు."

రమ్య నా చెయ్యి వదిలింది. మామని చూడలేదు, అత్తని చూసింది.

"మా ఆయనకి తెలుసునా?"

సుశీలమ్మ తల అడ్డంగా ఊపింది.

అశ్వత్థప్ప టోపీ చేతిలోకి తీసుకుని బయటికి వెళ్లి నిలబడ్డాడు. తరువాత రమ్య పెన్ అడిగింది. భార్యగా సంతకం పెట్టింది. సాక్షిగా ఇంకొకరు పెట్టాలి. రామయ్య కాగితం ముందు కూర్చుని, మృతుడితో సంబంధం అన్న గడి దగ్గర ఆగిపోయాడు. ఏమి రాయాలమ్మా అని నన్ను అడిగాడు.

నేను రూల్ ఏంటో గుర్తుచేసుకుంటున్నాను. రమ్య ఆయన చేతిలోంచి పెన్ తీసుకుని, ఆ గడిలో కన్నడలో తందె అని రాసింది. తండ్రి. తిరిగి పెన్ ఇచ్చి, "చేయి పెట్టు మామా. పొద్దు పోతా ఉండాది" అంది.

మార్చి 22

విల్సన్ గార్డెన్ శ్మశానంలో దహనం అయిందని అశ్వత్థప్ప మెసేజ్. రామయ్యే కొరివి పెట్టాడట.

మార్చి 26

ఫారంలో ఒక లైన్ చేర్చమని సార్‌ని అడిగాను. దత్తత గానీ పెంపకం గానీ ఉంటే ముందే చెప్పండి, ఎవరికీ చెప్పము అని. ఒప్పుకున్నారు. ముందే ఉండాల్సింది. అది నా తప్పు కూడా.

ఏప్రిల్ 8. మంగళవారం

రామయ్య ఫోన్ చేశాడు. మేము తీసిన రక్తం ఏం చేస్తామని అడిగాడు. కేసు ముగిసేదాకా ఉంచుతాం అన్నాను. ఎముకలో మిగిలింది? అదీ అంతే.

రెండూ ఒకచోట పెట్టడానికి అవుతుందా అని అడిగాడు. అడగడానికి సిగ్గుపడ్డాడు.

ఉండండి, చూసి చెప్తా అన్నాను. లోపలికి వెళ్లి ఫ్రీజర్ తెరిచాను. ఒకే కేసు కాబట్టి ఒకే డబ్బాలో ఉన్నాయి. యశ్వంత్‌వి, అతని తల్లివి ఒక పక్క. ఇంకో పక్క రామయ్య, సుశీల, రమ్య, హరిణి, నంబర్ 2. నంబర్ 2 మీద పెన్నుతో గిరీష్ అని రాశాను. అలా రాయకూడదు.

వచ్చి చెప్పాను.

"సాలమ్మా" అన్నాడు.