మామిడికాయ మీది ఈగ

మే 7, గురువారం

నిన్న ప్రార్థన కూటంలో అమ్మ లేచి నిలబడిందట. నా బిడ్డ ఫోనులో ఎవరో అబ్బాయితో మాట్లాడి నవ్వుకుంటోంది, దాని మనసు తిరిగేలా ప్రార్థన చేయండి అని అడిగిందట. చర్చి ఆడవాళ్లంతా నా పేరు పెట్టి ప్రార్థించారు. నేను లేను. ఇవాళ కుళాయి దగ్గర ఒకామె అడిగితే తెలిసింది. "ఎవురు పాపా ఆ పిల్లోడు, మన ఓర్వకల్లేనా?"

నేను నవ్వింది ఫోనులో ఈగ ఫొటో చూసి.

మే 8

ఫోను అమ్మ చేతిలో పెట్టా, చూసుకోమని. వేలితో జరుపుతూ పోయింది. ఈగ, ఈగ, ఈగ రెక్క, జామకాయ మీద ఈగ... ముఖం వాడిపోయింది.

"పిల్లోడంటే జనం మర్చిపోతారు మ్మే. ఈగలని చెప్తే పిచ్చిదంటారు."

కూటంలో అన్న మాట వెనక్కి తీసుకోదట.

మే 11

ఆత్మకూరు ఉద్యానశాఖ మేడం మెసేజ్. ఈ సీజనంతా తోటల్లో పండు ఈగల సర్వే. ఫొటోలు తీసి, ఏ జాతో గుర్తుపట్టే మనిషి కావాలి. కొన్ని ఫొటోలు పంపారు. ఒక్కోదాని కింద పేరు రాసి శుక్రవారానికల్లా పంపాలి. అది చూసి తీసుకుంటారు.

నాన్నకు చెప్పా. ఎమ్మెస్సీ చదివింది ఈగలు తోలేకా అన్నాడు. కడపలో బీఈడీ సీటు మాట్లాడి పెట్టాడు. ఈ పని వస్తే ఒక సీజను ఆగుతాడట. రాకపోతే కడప.

మే 12

కూర్చోలేను. నిలబడలేను. అన్నం మధ్యలో లేచి మళ్లీ ఫొటోలు చూశా.

మే 13

అయ్యగారు వచ్చారు. నాకు బుద్ధి చెప్పమని అమ్మే పాస్టరును పిలిపించింది. ఆయన పిల్లోడి సంగతి ఎత్తకముందే రెండు ఫొటోలు చూపించా.

"రెండూ ఒగటే గదమ్మా?"

కాదు. మామిడి ఈగకు రెక్క ముందంచున నల్లగీత కొన దాకా తెగకుండా పోతుంది. జామ ఈగకు మధ్యలో తెగి, కొసన చుక్క మిగులుతుంది. పేర్లే అలా గానీ రెండూ రెండు కాయల మీదా వాలతాయి. ఆయన కళ్లజోడు పైకి నెట్టి చాలాసేపు చూశారు.

"అవునే... తెగిండాది."

టీ చల్లారింది. అమ్మ తలుపు దగ్గరే. ఆయన ప్రార్థన చేసి వెళ్లారు. దేని కోసమో సరిగా వినపడలేదు.

మే 14

అన్నీ అయ్యాయి, ఒక్కటి తప్ప. ఈగ మామిడికాయ మీద పక్కకు తిరిగి కూర్చుంది. రెక్క అంచు మీద ఎండ పడి తెల్లగా మెరుస్తోంది. గీత ఉందో, తెగిందో... పెద్దది చేస్తే అంతా గళ్లుగళ్లుగా విడిపోతోంది. ఒంటి రంగును నమ్మలేను, ఒక్క జాతిలోనే మారుతుంది.

అన్న నా భుజం మీదుగా తొంగి చూశాడు. "మామిడికాయ మీద ఉండాది గదా, మామిడి ఈగే. రాసెయ్ మ్మే. తెలీదని రాస్తే నీకేం రాదనుకుంటారు."

నిజమే, అలాగే అనుకుంటారు. వాడు చెప్పినట్టు అది మామిడి ఈగే కావచ్చు కూడా.

మామిడి ఈగ అని రాశా. తుడిపేశా. మళ్లీ రాశా.

మే 15, శుక్రవారం

"రెక్క అంచు కనపడటం లేదు. ఈ ఫొటోతో జాతి చెప్పలేను." ఇలా రాసి పంపించేశా. మేడం ఇంకా తెరవలేదు.

తెలీదని రాశాక ఇక ఆ పని రాదనుకుని నాన్న రేపు కడప పోతున్నాడు, సీటు పనికి. నా సర్టిఫికెట్లు అడిగాడు. ఇవ్వలేదు. ఆత్మకూరు పని వచ్చినా రాకపోయినా బీఈడీలో చేరను.